ఫైర్ హాల్ అద్దెకు మాత్రమేనా?

ఈసారి ఉగాది మా ఊరి ఫైర్ హాల్లో చేసుకున్నాం. గుమ్మానికి తోరణం కట్టాం, పచ్చడి పంచాం, పంచాంగం చదివించాం. పిల్లల పాటలయ్యాక పులిహోర, బొబ్బట్లు. అందరూ సంతోషంగానే ఉన్నారు. బయటికెళ్ళే తలుపు పక్కన బల్ల మీద చందా కవర్ల కట్ట ఒకటుంది. ఏడాదికోసారి ఫైర్ కంపెనీ వాళ్ళు ఇంటింటికీ పోస్టులో పంపే కవర్లే అవి. ఒకటి తీసి, హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ మంచి ఉద్యోగంలో కుదురుకున్న ఒక తమ్ముడి చేతిలో పెట్టాను. అతను దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. "ట్యాక్స్ కడుతున్నాం కదా అక్కా, మళ్ళీ ఇదెందుకు?" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలూపారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకి గంటన్నర దూరంలో. ఒక్క పెద్ద వీధి, రెండు చర్చిలు, ఒక హైస్కూలు, ఊరి మధ్యన ఎర్ర ఇటుకల ఫైర్ స్టేషన్, దాని కప్పు మీద సైరన్. ఆ స్టేషన్లో జీతం తీసుకునే మనిషి ఒక్కడూ లేడు. సైరన్ మోగిందంటే మా ఇంటికి నల్లాలు బాగుచేసే ప్లంబర్ పని ఆపి లేస్తాడు. మా అమ్మాయికి లెక్కలు చెప్పిన మాస్టారు అన్నం ముందు నుంచి లేస్తాడు. స్కూలు బస్సు నడిపే ఆయన, కిరాణా కొట్లో కౌంటర్ దగ్గరుండే పిల్ల, అందరూ సొంత కార్ల మీద నీలం లైటు వెలిగించుకుని స్టేషన్‌కి చేరతారు. నిమిషాల్లో బరువైన కోటు, బూట్లు, హెల్మెట్ వేసుకుని, వీపుకి గాలి సిలిండర్ తగిలించుకుని బండెక్కుతారు. సిలిండర్ మీద అరగంట అని రాసి ఉంటుంది. పొగలో మెట్లెక్కుతూ, బరువు మోస్తూ ఊపిరి పీల్చే మనిషికి ఆ గాలి అంతసేపు రాదు.

ఈ పనికి పనికొస్తారని అనిపించుకోవడానికి వంద గంటలకు పైగా శిక్షణ తీసుకోవాలి. అదీ ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలూ శనాదివారాలూ వెళ్ళి. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లల్ని జూనియర్లుగా చేర్చుకుంటారు. వాళ్ళని మంటల్లోకి పంపరు, గొట్టాలు చుట్టడం, సామాను తుడిచి సర్దడం నేర్పుతారు. వయసు మళ్ళినవాళ్ళకి ఫైర్ పోలీస్ పని ఉంది. ప్రమాదం జరిగిన చోట రోడ్డు మీద నిలబడి బండ్లని పక్క దారి పట్టించడం. డిసెంబర్ చలిలో, అర్ధరాత్రి, చేతిలో టార్చిలైటుతో తాతలు నిలబడి ఉంటారు. వాళ్ళ పక్కనుంచి మనం కారులో వెళ్ళిపోతాం.

ట్యాక్స్ కడుతున్నాం, నిజమే. అందులోంచి ఊరు కొంత ఇస్తుంది. ఇతర రాష్ట్రాల బీమా కంపెనీలు ఇక్కడ అమ్మే అగ్నిప్రమాద బీమా మీద వసూలయ్యే రెండు శాతం పన్ను వాలంటీర్ల సహాయ సంఘాలకి వెళుతుంది. ఒక కొత్త ఫైరింజన్ లక్షల డాలర్లు పలుకుతుంది. మిగతా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ తమ్ముడు ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేది. ఈస్టర్‌కి ముందొచ్చే శుక్రవారాల్లో చేపల వేపుడు అమ్ముతారు. ఆదివారం పొద్దున పాన్‌కేకులు, వేసవిలో కోడి బార్బెక్యూ, బింగో రాత్రులు, జూలైలో కార్నివాల్. ఫైర్ హాల్ వంటింట్లో క్యాబేజీ తరుగుతూ నిలబడే ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. మంట ఆర్పే మనిషి మొన్న రాత్రంతా నిద్ర లేకుండా పనిచేసి, ఇవాళ ఏప్రన్ కట్టుకుని చేపముక్కలు వేయిస్తూ తన బండికి తనే డబ్బు పోగుచేసుకుంటుంటే, ఆ పక్క హాల్లో మనం సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, బతుకమ్మలు చేసుకుని, అద్దె కట్టాం కదా అనుకుని తాళం తిరిగిచ్చి వస్తున్నాం.

మా వీధి చివర ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆ మధ్య వాళ్ళింట్లో బట్టలారబెట్టే డ్రయ్యర్ గొట్టంలో పేరుకున్న నూగు అంటుకుని మంట లేచింది. ఇంట్లో చిన్నపిల్లలూ, నల్గొండ నుంచి వచ్చిన అమ్మమ్మా ఉన్నారు. అందరూ బయటికి వచ్చేశారు గానీ, ఆవిడ మాత్రం మేడ వైపు చెయ్యి చూపిస్తూ ఏడుపు ఆపలేదు. ఆ ఇంటి పిల్లల్ని రోజూ స్కూలుకి తీసుకెళ్ళే బస్సు డ్రైవరే ఆ రోజు హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. మనవరాలి ముందు వంగి, అమ్మమ్మకి ఏం కావాలని అడిగాడు. దేవుడి గూడు పైన ఉందని ఆ పిల్ల చెప్పింది. వీళ్ళ పద్ధతిలో ఒకళ్ళు నీళ్ళు కొడుతుంటే ఇంకొకళ్ళు సామాను తడవకుండా టార్పాలిన్లు కప్పుతారు. దేవుడి గూడు మీద కూడా కప్పారు. మంట ఆరాక అతను ఇత్తడి వేంకటేశ్వరుణ్ణి తువ్వాల్లో చుట్టి తెచ్చి, మసి గ్లౌజులు తీసేసి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. ఆ ఇంటి ఇల్లాలు ఇప్పుడు శుక్రవారాల్లో వంటింట్లో నా పక్కన నిలబడుతుంది. ఆమె దగ్గర ట్యాక్స్ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇది మా ఒక్క ఊరి గొప్ప కాదు. 1736 డిసెంబర్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు, చేరిన ప్రతివాడూ తోలు బకెట్లు, ఇంటి సామాను మూటగట్టి బయటికి తేవడానికి సంచులు ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలన్నది నియమం. ముప్ఫై మంది చేరాక, ఇంకా వస్తామన్నవాళ్ళని సొంతంగా మరో కంపెనీ పెట్టుకోమన్నారు. అలా ఊరంతా కంపెనీలయ్యాయి. ఇప్పటికీ ఈ రాష్ట్రంలో తొంభై శాతానికి పైగా ఫైర్ కంపెనీలు వాలంటీర్లవే. 2001 సెప్టెంబర్ 11న నాలుగో విమానం షాంక్స్‌విల్ పక్కన మైదానంలో కూలినప్పుడు ముందు పరిగెత్తింది మూడొందల జనాభా కూడా లేని ఆ ఊరి వాలంటీర్లే. 2013 ఏప్రిల్ 17న టెక్సాస్‌లోని వెస్ట్ అనే ఊళ్ళో ఎరువుల గోదాము పేలి పదిహేను మంది చనిపోతే, అందులో పన్నెండు మంది ఆర్పడానికీ ఆదుకోవడానికీ వెళ్ళినవాళ్ళు. జీతం కోసం వెళ్ళారా వాళ్ళు?

అయితే ఈ వాలంటీర్ల సంఖ్య తరిగిపోతోంది. 1970ల్లో పెన్సిల్వేనియాలో మూడు లక్షల మంది దాకా వాలంటీర్లుండేవారు. 2018లో రాష్ట్ర శాసనసభ వేయించిన నివేదిక నాటికి 38 వేలే మిగిలారు. పాతవాళ్ళకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, పిల్లలు పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు రెండేసి ఉద్యోగాలు చేస్తున్నారు. ఖాళీ అయిన ఇళ్ళని కొనుక్కుని వస్తున్నది ఎవరు? మనం. ఊరి ఇళ్ళు మనకి కావాలి, ఊరి స్కూళ్ళు కావాలి, ఫైర్ హాలు కూడా కావాలి. సైరన్ మోగినప్పుడు మాత్రం ట్యాక్స్ రసీదు చూపిస్తాం. తాళింపు పొగకి అలారం మోగితే ఇంటిముందు బండి ఆగుతుందని మనందరికీ తెలుసు. ఆ బండిలోంచి దిగేవాడు తన భోజనం మధ్యలో వదిలేసి వచ్చాడని మాత్రం తెలియదు.

ఆ రోజు ఆ బల్ల దగ్గరే ఇంకో మాట కూడా పుట్టింది. నా మాటలు విన్నాక తమ్ముడు కొంచెం మెత్తబడి, "వీళ్ళు నిజంగా గొప్పోళ్ళక్కా. మన దగ్గరైతే ఎవడొస్తాడు? నిలబడి ఫోన్లో వీడియో తీస్తారు" అన్నాడు. మొదటి మాటకి బాధేసింది, ఈ మాటకి మాత్రం కోపమొచ్చింది. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో పుట్టిన మనిషి ముందు ఈ మాట అనకూడదు.

మా ఇల్లు బడీచౌడీ వెనక గల్లీలో, కింద దుకాణం, పైన కాపురం. బ్రిటిష్ రెసిడెన్సీ గోడల పక్కన పెరిగి, రెసిడెన్సీ బజార్ అనిపించుకుని, 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాక సుల్తాన్ బజార్ అయిన చోటు అది. గుజరాతీ, మార్వాడీ, మరాఠీ, తెలుగు కుటుంబాలు గోడకి గోడ ఆనించి కట్టుకున్నాయి. ఒకళ్ళింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ములు. దుకాణాల ముందు తాళ్ళకి వేలాడే చీరలు, లంగాలు, వాటి పైన కరెంటు తీగల చిక్కులు, కింద పిన్నీసులు, రిబ్బన్లు అమ్మే తోపుడు బండ్లు. మంటకి ఇంతకన్నా ఏం కావాలి?

నేను బడికెళ్ళే వయసులో ఒక ఎండాకాలం సాయంత్రం మా గల్లీ మొదట్లో ఉన్న బట్టల దుకాణం అంటుకుంది. "ఆగ్ లగీ" అన్న కేక వినిపించేసరికి నాయన పంచె ఎగ్గట్టి డాబా మీదికెక్కాడు. మా హౌజులో నీళ్ళని అమ్మ, పక్కింటి గుజరాతీ బెన్, మేడ మీది మరాఠీ వాళ్ళ కోడలు బిందెలతో మెట్ల వెంట అందించుకుంటూ పైకి పంపారు. నాయన ఆ నీళ్ళని మంట మీద పొయ్యలేదు. అంటుకోని గోడల మీద, మా పక్క దుకాణపు పరదాల మీద పోశాడు, తడవని పరదాల్ని కోసి కింద పడేశాడు. పూరిళ్ళ ఊళ్ళో పెరిగినవాడు కాబట్టి ఆయనకి ఆ సంగతి తెలుసు. ఊళ్ళో ఒక ఇల్లంటుకుంటే, పక్కింటి కప్పు మీది గడ్డి లాగి పారేసి తడి గోనెలు కప్పుతారు. కాలిపోతున్నదాన్ని వదిలి, కాలబోయేదాన్ని కాపాడతారు.

ఫైరింజన్ వచ్చింది. గల్లీ మొదట్లో ఆగిపోయింది. ముందు తోపుడు బండ్లు, వరసగా స్కూటర్లు. అప్పుడు చూశాను హమాలీలని. ఇద్దరిద్దరు చొప్పున స్కూటర్లని అమాంతం ఎత్తి అరుగుల మీద పెట్టారు. బండ్లవాళ్ళు తమ బండ్లని తామే బోర్లా తోసి దారిచ్చారు, పిన్నీసులూ గాజులూ రోడ్డంతా చెల్లాచెదరయ్యాయి. ఫైర్‌మన్లు ముందు నడుస్తుంటే వెనక హమాలీలు, ఇరానీ హోటల్ కుర్రాళ్ళు ఆ బరువైన గొట్టాన్ని భుజాల మీద మోసుకుంటూ గల్లీ లోపలిదాకా తెచ్చారు. ఆ రాత్రి హోటల్ సేటు ఎంతమందికి చాయ్ పోశాడో, ఒక్కరి దగ్గరా పైసా తీసుకోలేదు.

దుకాణం బూడిదయింది. దాని యజమాని అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజునో నాలుగో రోజునో బజారు సేట్లంతా ఆయనింట్లో కూర్చుని, తలా కొన్ని తానులు అరువు మీద పంపడానికి ఒప్పుకున్నారు. ఆయనతో ధర దగ్గర రోజూ పోటీపడే ఎదురు దుకాణం వాళ్ళే అందరికన్నా ఎక్కువ పంపారు. దీపావళి బేరాలకి దుకాణం తెరుచుకుంది. పసుపు కుంకుమ పెట్టిన కొత్త గల్లాపెట్టె నాకింకా గుర్తుంది. దీన్ని ఏమంటారు? మా పెన్సిల్వేనియా వాళ్ళు కార్నివాల్ పెట్టి ఇల్లు కాలినవాళ్ళకి డబ్బు పోగుచేస్తే చప్పట్లు కొట్టే మనం, మన సేట్లు చేసినదాన్ని ఎందుకు మర్చిపోతాం?

కార్నివాల్ అంటే ఇంకోటి చెప్పాలి. జూలైలో ఇక్కడి రంగులరాట్నం కింద నిలబడి చక్కెర చల్లిన పిండివంట తింటున్నప్పుడల్లా నాకు హైదరాబాద్ నుమాయిష్ గుర్తొస్తుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టి, 1946లో నాంపల్లికి తెచ్చిన ఆ ఎగ్జిబిషన్ లాభమంతా ఇవాళ్టికీ కాలేజీలకి వెళుతుంది. ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే వనితా మహావిద్యాలయంలో చదివిన మా అక్కకి, నుమాయిష్‌లో మనం కొన్న ప్రతి టికెట్టులోనూ తన చదువు ఉందని గర్వం. అంతకుముందే, 1901లో, రావిచెట్టు రంగారావు గారింట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మా సుల్తాన్ బజార్‌లోనే ఉంది. అది తెలుగు నేర్పే బళ్ళే కరువైన రోజుల్లో చందాలతో నిలబడిన గ్రంథాలయం. నలుగురు కలిసి ఊరి పని చేసుకోవడం మనకి అమెరికా వచ్చి నేర్చుకోవలసిన విద్య కాదు.

ఇక్కడిదాకా నేను గొంతెత్తి చెప్పగలను. ఆ తర్వాత గొంతు పూడుకుపోతుంది. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద దాచిన రసాయనాల డ్రమ్ములంటుకుని కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఎగిసే మంటల పక్కనే నిచ్చెన వేసి కిటికీలోంచి మనుషుల్ని దింపడం మనమందరం చూశాం. 2025 మే 18, ఆదివారం పొద్దున్నే, గుల్జార్ హౌజ్ దగ్గర మంటలు లేచి ఒక్క ఇంట్లో పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి దారి ఒక్కటే, అదీ ఇరుకు మెట్లు. చుట్టుపక్కల కుర్రాళ్ళు గోడ పగలగొట్టి పొగలోకి దూరారు. వాళ్ళ మతం వేరు, ఆ ఇంటివాళ్ళ మతం వేరు, ఆ పొద్దున ఎవరికీ అది గుర్తు లేదు. వీడియో తీస్తూ నిలబడ్డారని వాళ్ళ గురించి ఎవరైనా అంటే నేను ఊరుకోను.

కానీ ఆ కుర్రాళ్ళ మొహాలకి మాస్కు లేదు, వీపున గాలి సిలిండర్ లేదు. పొగ మంటకన్నా ముందు చంపుతుందని, నేలకి దగ్గరగా పాకుతూ వెళ్ళాలని, గది తలుపు మూసి ఉంచితే లోపలున్న మనిషికి కొన్ని నిమిషాలు దొరుకుతాయని, ముందు కరెంటు మెయిన్ ఆపాలని, ఇవన్నీ మా ఊళ్ళో పద్నాలుగేళ్ళ పిల్ల చెబుతుంది. అక్కడ ప్రాణాలకి తెగించి గోడ పగలగొట్టినవాడికి ఎవరూ నేర్పలేదు. మా బస్సు డ్రైవర్‌కి ఉన్న గుండే గుల్జార్ హౌజ్ కుర్రాడికీ ఉంది. మా డ్రైవర్‌కి సోమవారం సాయంత్రాల్లో డ్రిల్ ఉంది, కోటుంది, పైన ఛీఫ్ ఉన్నాడు, పక్క ఊరి నుంచి సాయం వచ్చే ఏర్పాటుంది. ఇతను గాయపడితే కుటుంబాన్ని చూసే సంఘముంది. ఆ కుర్రాడికి ఇవేవీ లేవు. నేను బాధపడేది ఇందుకు.

గౌలిగూడ ఫైర్ స్టేషన్ మా బడీచౌడీకి కూతవేటు దూరం. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఏప్రిల్ 14నే బొంబాయి రేవులో ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ళని తలుచుకునే వారం అది. ఆ వారంలో బకెట్లో మంట పెట్టి సిలిండర్‌తో ఆర్పి చూపిస్తారు, జనం చూసి వెళ్ళిపోతారు. నాకు మిగతా యాభై ఒక్క వారాలు కావాలి. 2016లో కేంద్రం ఆపద మిత్ర అని పెట్టి, వరదలొచ్చే జిల్లాల్లో మామూలు మనుషులకి సహాయక పనుల్లో శిక్షణ ఇప్పించింది. అదే శిక్షణ బడీచౌడీ బట్టల దుకాణాల కుర్రాళ్ళకి ఎందుకు ఇవ్వకూడదు? వాళ్ళకి ప్రతి మెట్టూ తెలుసు, ఏ దుకాణం వెనక ఏ గోదాముందో తెలుసు, ఏ మేడ మీద మంచం పట్టిన ముసలమ్మ ఉందో తెలుసు. ఎంత మంచి ఫైరింజన్ వచ్చినా ఆ సంగతులు దానికి తెలియవు. పెన్సిల్వేనియాలో మా ఊరి వీధులు వెడల్పు, మూలమూలకీ నీళ్ళ హైడ్రెంట్లు. బడీచౌడీలో అవి రేపటికల్లా రావు. గొట్టం మోసే భుజాలు మాత్రం ఇప్పటికే ఉన్నాయి, నా కళ్ళతో చూశాను.

మా పెదనాయన కొడుకు ఇంకా ఆ గల్లీలోనే దుకాణం నడుపుతున్నాడు. మొన్న ఆదివారం ఫోన్లో గంటసేపు మాట్లాడాను. "అన్నా, దుకాణానికి ఇద్దరు కుర్రాళ్ళనివ్వండి. వారానికి ఒక్క రోజు, షట్టర్లు ఎత్తకముందు గంటసేపు. నేర్పమని స్టేషన్‌కి వెళ్ళి మీరే అడగండి. రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు గల్లీ మొదట్లో బండ్లు పెట్టకుండా మీలో మీరే ఒప్పందం చేసుకోండి" అన్నాను. మొదట, "బేరాలే లేవంటే ఇదొకటా చెల్లే" అన్నాడు. తర్వాత, చిన్నప్పటి ఆ మంట ఆయనకీ గుర్తుంది కాబట్టి, పక్క దుకాణాల వాళ్ళతో మాట్లాడి పేర్లు రాస్తున్నాడు. సామానుకి అయ్యే ఖర్చులో కొంత ఇక్కడున్న సుల్తాన్ బజార్ పిల్లలం పంపుతాం.

ఇక ఇక్కడ మా ఊరి ఫైర్ స్టేషన్‌కి ఇప్పుడు కావలసినవి చెబుతాను. ఫైర్ పోలీస్‌కి మనుషులు కావాలి, రిటైరై పిల్లల దగ్గర గ్రీన్ కార్డు మీద ఉంటున్న నాన్నలు ఆ పనికి పేరివ్వొచ్చో లేదో నేను అడిగి చెబుతాను. శుక్రవారం వంటింటికి ఇద్దరు కావాలి. వెళ్ళొచ్చిన ప్రతి ప్రమాదానికీ రిపోర్టు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆ పని చేసే పెద్దాయనకి చూపు తగ్గింది, దానికి మనిషి కావాలి. ఈ చివరి పని గురించి ఆ తమ్ముడికే ఫోన్ చేశాను. రోజంతా కంప్యూటర్‌తో పనిచేసేవాడు కదా, వారానికి రెండు గంటలు చాలన్నాను. సోమవారం డ్రిల్‌కి వచ్చి చూస్తానన్నాడు. ఏడింటికి మొదలవుతుంది, నేను వెళ్ళేటప్పుడు అతన్ని కారులో ఎక్కించుకుని వెళతాను. ఇంకెవరైనా వస్తానంటే వెనక సీట్లో ముగ్గురికి చోటుంది.